బయానా ఇవ్వకముందే: పాత ఫ్లాటును పరీక్షించడం ఎలా

ఫ్లాటు కొనేముందు కాగితాలు లాయరుకు చూపిస్తాం, దిక్కులు వాస్తు సిద్ధాంతికి చూపిస్తాం. కట్టడాన్ని మాత్రం ఎవరికీ చూపించం. అదేమంటే "బ్యాంకు వాళ్లు వచ్చి చూశారుగా, లోనిచ్చారుగా" అంటారు. బ్యాంకు పంపే వాల్యుయర్ పని వేరు. రేపు మీరు వాయిదాలు కట్టకపోతే ఆ ఫ్లాటును అమ్మి బాకీ రాబట్టుకోవచ్చా లేదా అని తేల్చడానికే అతను వస్తాడు. కొలతలు తీసుకుంటాడు, నాలుగు ఫొటోలు తీస్తాడు, చుట్టుపక్కల ధరలు రాసుకుంటాడు. పై ఇంటి బాత్రూం మీ నెత్తిన కారుతోందా, కింద పిల్లర్లో ఊచలు తుప్పు పట్టాయా అన్నది తేల్చే బాధ్యత అతనిది కాదు. అది మీరు చూసుకోవాలి, లేదా డబ్బిచ్చి చూపించుకోవాలి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా పది నుంచి ఇరవై ఏళ్ల వయసున్న రీసేల్ ఫ్లాటు గురించి. రెండు మూడు వందల గజాల స్థలం, కింద గోడల్లేకుండా పిల్లర్ల మీదే నిలిచే స్టిల్టు పార్కింగ్, పైన నాలుగైదు అంతస్తులు: హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఏ వీధిలోకి వెళ్లినా కనిపించే రకం.

రెండుసార్లు వెళ్లండి. ఒకసారి పట్టపగలు, రెండు గంటలు తీరిక చేసుకుని. ఇంకోసారి గట్టి వాన పడిన మర్నాడు. వెంట తీసుకెళ్లాల్సినవి పెద్దగా ఏమీ లేవు: మంచి టార్చి, ఐదు మీటర్ల టేపు, అడుగు పొడవు రసమట్టం, చిన్న సుత్తి, ఎలక్ట్రికల్ షాపులో దొరికే మూడు పిన్నుల సాకెట్ టెస్టర్, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్, పెన్సిలు, ఒక ఏ4 కాగితం. కాగితం దేనికో తర్వాత చెబుతాం.

ఫ్లాటు తలుపు తీయకముందు పార్కింగులో అరగంట

మెట్లెక్కే ముందు కింద పిల్లర్ల చుట్టూ ఒక్కొక్కటిగా తిరగండి. కట్టడం మొత్తం బరువు దిగేది అక్కడే. కార్లు కడిగిన నీళ్లు నిలిచేదీ, బంపర్లు తగిలేదీ అక్కడే. పిల్లరు అడుగు నుంచి రెండడుగుల ఎత్తు దాకా టార్చి పక్కవాటుగా పట్టి చూడండి. ఎదురుగా పడే వెలుతురులో కనిపించని ఉబ్బు పక్కవాటు వెలుతురులో నీడతో సహా కనిపిస్తుంది.

వెతకాల్సింది మూడింటిని. పిల్లరు అంచుకు ఒకటి రెండు అంగుళాల దూరంలో నిలువుగా సాగే పగులు ఒకటి. ఆ పగులు వెంట తుప్పు రంగు చార రెండోది. ఒక్క పిల్లరుకే చేసిన కొత్త సిమెంటు అతుకు మూడోది. నిలువు పగులు ఎందుకు ప్రమాదమంటే, లోపలి ఊచ సరిగ్గా ఆ గీత వెనకే ఉంటుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పొర లోపలి నుంచి చీలుతుంది. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పిల్లరు ఊచల మీద 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరింగ్ ఉండాలి. సెంట్రింగ్ కట్టేటప్పుడు ఊచలను పలకకు ఎడంగా నిలిపే కవర్ బ్లాకులు పెట్టకుండా ఊచలను పలకకు ఆనించేస్తే ఆ పొర 15 మిల్లీమీటర్లు కూడా మిగలదు. చెమ్మ నేరుగా ఊచను తాకుతుంది.

సుత్తితో మెల్లగా తట్టి చూడండి. గట్టి కాంక్రీటు టంగుమంటుంది, గుల్లబారింది డొల్లగా మోగుతుంది. ఒక్క జాగ్రత్త: ప్లాస్టరింగ్ మాత్రమే విడిపోయినా అదే డొల్ల చప్పుడు వస్తుంది. కాబట్టి చప్పుడు విని బెదిరిపోనక్కర్లేదు. చప్పుడు, నిలువు పగులు, తుప్పు చార మూడూ ఒకేచోట ఉంటే మాత్రం ఇంజనీరు చూడకుండా ముందుకెళ్లకండి.

కారు పట్టలేదని పిల్లరు మూల చెక్కేసిన బిల్డింగులు కూడా ఉన్నాయి. అలాంటిది కంటపడితే బేరం అక్కడితో ఆపేయొచ్చు. గోడల అండ లేని స్టిల్టు అంతస్తు కట్టడంలో బలహీనమైన చోటు. 2001 భుజ్ భూకంపంలో అంత దూరాన ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో ఈ తరహావి చాలా ఉన్నాయి.

పార్కింగులోనే మరో పని. మీటర్ల బోర్డు కింద, ప్రహరీ గోడ మీద, లిఫ్టు గుంట దగ్గర నీటి మట్టపు గీతలున్నాయేమో చూడండి. హైదరాబాదులో అయితే 2020 అక్టోబరు వానలకు, విజయవాడలో అయితే 2024 సెప్టెంబరు బుడమేరు వరదకు ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయని వాచ్‌మన్‌నో, పక్క కిరాణా కొట్టాయననో అడగండి. ఓనరు కన్నా వాళ్లు సూటిగా చెబుతారు. సెల్లారుంటే మోటారు పెట్టి ఎన్నాళ్లు తోడారో కూడా అడగండి. దగ్గర్లో చెరువుంటే, అది నిండినప్పుడు నీరు చేరే ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడిదాకా ఉందో విడిగా కనుక్కోవాలి. హైదరాబాదు నిబంధనల్లో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ దాటాక 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు కట్టడాలు కూడని బఫర్ జోన్.

డాబా మీద

పై అంతస్తు ఫ్లాటు కొంటుంటే డాబా మీ ఇంటి పైకప్పు. కింది అంతస్తు అయినా సరే ఎక్కి చూడాల్సిందే, ఎందుకంటే మరమ్మతు ఖర్చు మెయింటెనెన్సులో అందరి మీదా పడుతుంది. వాన మర్నాడు వెళితే ఎక్కడ నీళ్లు నిలిచాయో కళ్లకు కడుతుంది. ఎండగా ఉంటే బకెట్టు నీళ్లు పోసి గొట్టం వైపు నడుస్తున్నాయో లేదో చూడండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూల గుండ్రంగా సిమెంటు గోళా పెట్టి ఉండాలి. నేరుగా మూలమట్టంలా వదిలేసి ఉంటే నీరు దిగేది ముందు అక్కడినుంచే.

పిట్టగోడ పగుల్లోనో, డ్రైనేజీ గొట్టం పక్కనో రావి మొక్కో మర్రి మొక్కో మొలిచిందంటే అక్కడ ఏడాది పొడవునా తడి ఉందన్నమాట. పైన కొమ్మ కోసేసినా వేరు గోడలోనే ఉంటుంది. ట్యాంకు కింది పిల్లర్లు, ట్యాంకు అడుగు కూడా చూడండి. కింద అంత జాగ్రత్తగా కట్టిన మేస్త్రీ కూడా ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి తొందరపడతాడు.

డాబా మీద పెంట్‌హౌస్ ఉంటే అది మంజూరైన ప్లానులో ఉందా అని అడగండి. అనుమతి మూడంతస్తులకు తీసుకుని ఐదు లేపిన చోట సమస్య చట్టంతోనే ఆగదు. పునాదులు, పిల్లర్లు లెక్కవేసింది మూడింటి బరువుకే కావచ్చు.

పై ఇంటి బాత్రూం

పాత ఫ్లాటులో కొన్నవాళ్లను ఎక్కువ ఏడిపించేది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

చాలా అపార్టుమెంట్లలో బాత్రూం స్లాబును మిగతా గదుల కన్నా ముప్పాతిక అడుగో అడుగో కిందికి దింపి పోస్తారు. దీన్ని సంకెన్ స్లాబు అంటారు. ఆ గుంటలో డ్రైనేజీ పైపులు, నేల మీది నీరు దిగే నహానీ ట్రాపు పెట్టి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లోంచో, ట్రాపు చుట్టూ ఉన్న అతుకులోంచో కారిన నీరు ముందు ఆ ఇటుక ముక్కల్లో చేరుతుంది. గుంట నిండేదాకా ఎవరికీ తెలియదు. నిండాక కింది ఇంటి సీలింగులో మచ్చ తేలుతుంది. మచ్చ కనిపించేనాటికి లోపల ఊచలు ఎన్నాళ్లుగా తడిలో నానుతున్నాయో చెప్పలేం.

అసలు చిక్కు ఏమిటంటే కారేది మీ ఇంట్లో, బాగుచేయాల్సింది పై ఇంట్లో. కింద ఎన్ని కెమికల్స్ పూసినా అది పై పూతే. పైవాళ్లు తమ బాత్రూం పగలగొట్టించి, గుంట ఖాళీ చేయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, మళ్లీ టైల్స్ వేయించాలి. పదిహేను రోజుల పని, ఒప్పుకోవాలన్న తొందర వాళ్లకుండదు. అందుకే బయానాకు ముందే పై ఫ్లాటు తలుపు కొట్టి మాట్లాడండి. బాత్రూం ఎప్పుడు బాగుచేయించారని అడగండి. వాళ్ల మాటతీరే చాలా చెబుతుంది.

మీరు కొనబోయే ఫ్లాటు బాత్రూముల్లో ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీయించి టార్చి వేసి చూడండి. తీయనివ్వకపోతే కారణం అక్కడే ఉందనుకోవచ్చు. పైపులు స్లాబును చీల్చుకుని దిగే చోట తెల్లని సున్నపు ఊడలు వేలాడుతుంటే లీకు పాతదే. పెచ్చులూడి ఊచలు బయటపడి ఉంటే ఫొటో తీసుకోండి, ఇంజనీరుకు అదే ముందు చూపించాలి.

లీకు ఏ రకమో తెలుసుకోవడానికి అది ఎప్పుడు కారుతుందో కనుక్కుంటే చాలు. రాత్రీ పగలూ ఆగకుండా కారుతుంటే ఒత్తిడి ఉన్న మంచినీటి లైనుది. పైవాళ్లు స్నానం చేసినప్పుడే కారితే టైల్స్ సందులదో డ్రైనేజీదో. వానాకాలంలోనే కనిపిస్తే బయటి గోడదో డాబాదో. మొదటిది తేలిగ్గా పోతుంది. రెండోది పైన చెప్పిన పంచాయతీ.

మీ ఫ్లాటు బాత్రూం కిందికి కారుతోందేమో కూడా చూడాలి, ఎందుకంటే కొన్నాక ఆ పంచాయతీలో తప్పు మీ వైపు ఉంటుంది. ఓనరు ఒప్పుకుంటే ట్రాపును గుడ్డ, ప్లాస్టిక్ సంచితో బిగించి మూసి, గుమ్మం దగ్గర తడి మట్టితో గట్టు కట్టి, అంగుళం ఎత్తు నీళ్లు నింపండి. గోడ మీద పెన్సిలు గీత పెట్టండి. 24 గంటల తర్వాత రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గితే ఆవిరైనట్టు. సగం పోయిందంటే ఎక్కడికో దిగింది. కింది ఇంటికి వెళ్లి సీలింగు చూసి రండి.

పగుళ్లు: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

గోడ మీద సాలెగూడులా అల్లుకున్న సన్న గీతలు ప్లాస్టరింగ్‌కు నీళ్లు సరిగా కొట్టకపోవడం వల్ల వచ్చినవి. రంగు వేసేటప్పుడు పోతాయి. ఇటుక గోడ పిల్లరును తాకే చోట నిలువు గీత, బీమును తాకే చోట అడ్డ గీత కూడా మామూలే. ఇటుక, కాంక్రీటు ఎండకు ఒకేలా సాగవు. ఆ అతుకు మీద కోడి జాలీ వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే గీత పడుతుంది.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులును కొంచెం పట్టించుకోవాలి. ఏ4 కాగితం ఇక్కడ పనికొస్తుంది. మామూలు కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు. మూడు పొరలు కలిపి పగుల్లో దూర్చండి. దూరితే అది 0.3 మిల్లీమీటర్లు దాటినట్టు. కాంక్రీటు పగుళ్లకు ఐఎస్ 456 మామూలుగా పెట్టే హద్దు అదే. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డు అంచు దూరే పగులుంటే అది ఏ గోడకున్నా ఇంజనీరు చూడాలి.

అదే ఏటవాలు పగులు పై ఇంట్లో, కింది ఇంట్లో కూడా అదే గోడకు ఉంటే పునాది ఒక పక్క దిగిందేమోనని అనుమానించాలి. గుంటూరు, కృష్ణా వైపు నల్లరేగడి నేలల్లో ఇది ఎక్కువ. వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, లోతు లేని పునాది దాంతో పాటు ఆడుతుంది. తలుపులు బిగుసుకుపోవడం, గుమ్మం పైభాగం రసమట్టానికి వాలుగా తేలడం దీనికి తోడు సాక్ష్యాలు.

బీముల్లో రెండే చూడండి. నడిమధ్య అడుగున నిలువు పగులు, పిల్లరు దగ్గర 45 డిగ్రీల వాలు పగులు. రెండోది మరీ చెడ్డది.

కరెంటు, నీళ్లు

ప్రతి సాకెట్లో టెస్టర్ పెట్టి చూడండి. పాత ఫ్లాట్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనక ఎర్తు వైరు ఉండదు. గీజరు, వాషింగ్ మెషిన్ సాకెట్లలో ఎర్తు లేకపోతే ప్రాణానికే ముప్పు. డీబీలో (ఇంటి మెయిన్ స్విచ్చులుండే పెట్టెలో) కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా చూడండి. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, మామూలు ప్లగ్గులకు 2.5, లైట్లకు 1.5 ఉండాలి. బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు, అంటే ఆ ఇంటికి మంజూరైన కరెంటు వాడకం, ఎంతో చూడండి. రెండు కిలోవాట్లే ఉండి మీకు రెండు ఏసీలు కావాలంటే లోడు పెంచుకోవాలి, దాంతో పాటు వైరింగూ మార్చాల్సి రావచ్చు.

నీళ్లకు సాయంత్రం వెళ్లడం మంచిది. వంటింటి కొళాయి, షవరు, ఫ్లష్ మూడూ ఒకేసారి వదిలి ధార తగ్గుతుందేమో చూడండి. బోరు నీటిలో టీడీఎస్ మీటరు పెట్టండి. ఐఎస్ 10500 ప్రకారం తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్సు లెక్కల్లో ట్యాంకర్ల ఖర్చు ఎంతో అసోసియేషన్ రిజిస్టరులో చూడండి. బోరు ఎండుతుందా లేదా అన్నదానికి అంతకన్నా నిజమైన జవాబు దొరకదు. లిఫ్టుకు మెయింటెనెన్సు కాంట్రాక్టు నడుస్తోందో లేదో కూడా ఆ రిజిస్టరే చెబుతుంది.

గుమ్మాల అడుగున, అల్మారాల వెనక మట్టి గీతలుంటే చెదలు. కింది అంతస్తులో మ్యాన్‌హోల్ మూత తెరిపించి నీరు నిలిచి ఉందో పారుతోందో చూడండి.

ఇంజనీరును పిలిచాక

మీ పరిశీలనలో పిల్లర్లు, బీములు, స్లాబుల మీద ఒక్క అనుమానం తగిలినా, లేదా కట్టడం పదిహేనేళ్లు దాటినా స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. బ్రోకరు తెచ్చే మనిషి వద్దు. మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీర్లు ఉంటారు, ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు కూడా ఇలాంటి పనులు తీసుకుంటాయి. ఫీజు ఎక్కువనిపిస్తే రిజిస్ట్రేషన్ లెక్క వేసుకోండి: 7.5 శాతం చొప్పున 60 లక్షల ఫ్లాటుకు నాలుగున్నర లక్షలు.

రీబౌండ్ హ్యామర్ అనే పరికరంతో కాంక్రీటు గట్టితనం చూస్తారు. ప్లాస్టరింగ్ ఒలిచి, కాంక్రీటు మీదే కొట్టాలి. ప్లాస్టరింగ్ మీద కొట్టి నంబరు రాసుకుంటే ఆ నివేదిక చిత్తు కాగితమే. పాత కాంక్రీటు పై పొర గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కు గట్టిపడి ఉన్నదానికన్నా ఎక్కువ నంబరు చూపిస్తుంది. అందుకే అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా అడగండి. అందులో కాంక్రీటు గుండా పంపే శబ్ద తరంగం వేగం సెకనుకు 3 కిలోమీటర్ల కన్నా తక్కువ వస్తే లోపల గుల్ల ఉందేమోనని అనుమానించాలి.

చూడముచ్చటైన పరీక్ష ఇంకోటుంది. అనుమానమున్న చోట చిన్న పెచ్చు కొట్టి, అప్పుడే బయటపడిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. గులాబీ రంగు వస్తే కాంక్రీటులో క్షారం ఇంకా ఉంది, అది ఊచను కాపాడుతోంది. రంగు రాకపోతే ఆ రక్షణ పోయింది. రంగు రాని లోతు ఊచ దాకా చేరిందా అన్నదే ప్రశ్న. విశాఖ బీచ్ వైపు బిల్డింగులకు ఇది ఒక్కటే చాలదు. ఉప్పుగాలి నుంచి చేరిన క్లోరైడ్ వల్ల గులాబీ రంగు వస్తుండగానే ఊచ తుప్పు పట్టగలదు. అక్కడ క్లోరైడ్ పరీక్ష విడిగా చేయించాలి.

పిల్లర్లు అందరివీ కాబట్టి ఈ పరీక్షలకు అసోసియేషన్ అనుమతి కావాలి. ఓనరు ద్వారా రాతపూర్వకంగా అడిగించండి.

ప్లానుతో పోల్చడం

మంజూరైన ప్లాను కాపీ చేతిలో పట్టుకుని నిలబడి పోల్చాలి: అంతస్తులు ఎన్ని, చుట్టూ వదిలిన ఖాళీ ఎంత, మీ ఫ్లాటు గోడలు ప్లానులో ఉన్నచోటే ఉన్నాయా, బాల్కనీని గదిలో కలిపేశారా. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకపోతే ఎందుకు లేదో అడగండి. "బీఆర్‌ఎస్‌కు అప్లై చేశాం" అని రసీదు చూపిస్తే అది అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకానికి పెట్టిన దరఖాస్తు రసీదే, క్రమబద్ధీకరణ ఉత్తర్వు కాదు. గదులన్నీ టేపుతో కొలవండి. 1,200 అడుగులని చెప్పిన ఫ్లాటులో వాడుకునే చోటు 850 తేలడం వింతేమీ కాదు. మీరు ధర లెక్క వేసుకోవాల్సింది ఆ 850కి, మీ వాటాకొచ్చే గజాల భూమికి.

కొత్త ఫ్లాటు అయితే ఒక వెసులుబాటుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. అయితే స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ ప్రాజెక్టు రెరాలో రిజిస్టరు చేయనక్కర్లేదు. మన వీధుల్లో 200 గజాల్లో లేచే బిల్డింగులు అందులోకే వస్తాయి. రెరా నంబరు ఉందో లేదో ముందే చూసుకోండి.

రాతలో పెట్టాల్సినవి

అమెరికాలో ఇళ్లు కొన్న అలవాటుతో ఇక్కడా ఇన్‌స్పెక్షన్ బాగా రాకపోతే అడ్వాన్సు దానంతటదే తిరిగొస్తుందనుకునే వాళ్లున్నారు. ఇక్కడ ఆ ఆనవాయితీ లేదు. రాసుకుంటేనే ఉంటుంది. తప్పనిసరిగా టోకెన్ ఇవ్వాల్సి వస్తే చిన్న మొత్తమే ఇచ్చి, రసీదులో ఇలా రాయించండి: "కొనుగోలుదారు ఇంజనీరుతో పరీక్ష చేయించుకునేందుకు 15 రోజులు గడువు. పిల్లర్లు, బీములు, స్లాబుల్లో లోపం ఉన్నట్టు నివేదిక వస్తే ఈ మొత్తం ఏడు రోజుల్లో పూర్తిగా తిరిగి ఇవ్వాలి." తర్వాత వచ్చే అగ్రిమెంటులోనూ అదే మాట ఉండేలా లాయరుతో చూపించుకోండి.

నివేదికలో ప్రతి లోపానికి ఫొటో, అది ఏ పిల్లరో ఏ గదో, మరమ్మతు ఎలా చేయాలో, ఖర్చు అంచనా ఉండాలి. బేరమాడేది ఆ అంచనా మీదే. "పాతదైంది, తగ్గించండి" అంటే ఎవరూ తగ్గించరు. రెండు బాత్రూములు, ఒక బీము, వైరింగ్ అని అంకెలతో కాగితం ముందు పెడితే మాట్లాడక తప్పదు. పై ఇంటి బాత్రూం కారుతుంటే దాన్ని ధరలో తగ్గించుకుని సర్దుకోకండి. పై ఓనరు ఫలానా తేదీలోపు బాగుచేయిస్తానని సంతకం పెట్టిన కాగితం తీసుకోండి. ఆ పని పూర్తయి, మళ్లీ 24 గంటలు నీళ్లు నింపి చూసి, కింద సీలింగు పొడిగా ఉందని తేలాకే రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి.